మంచుకొండ మీద నర్సింగమ్మ గది

పన్నెండు పదమూడేళ్ళు వచ్చేదాకా నర్సింగమ్మ అందరు పిల్లల్లాగే మేకల వెంట పరుగెత్తింది. ఆ తర్వాత నడుస్తుంటే మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకోవడం మొదలైంది. ముందు నొప్పి, తర్వాత వంకర. మర్రిగూడ చుట్టుపక్కల పల్లెల్లో అప్పుడప్పుడే బోర్లు పడుతున్న కాలం అది. చేదబావి ఎండినా బోరు ఎండదని ఊరంతా సంతోషపడింది. ఆ నీళ్ళలో ఎముకల్ని వంచే ఫ్లోరైడు ఉందని దవాఖాన వాళ్ళు వచ్చి చెప్పేనాటికి ఆమె పెళ్ళీడు దాటిపోతోంది.

సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళు చాయ తాగారు, పిల్లను ఒకసారి నడవమన్నారు, మళ్ళీ కబురు చేస్తామని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు తండ్రి గుర్వయ్య ఇక ఎవరినీ పిలవడం మానేశాడు. చనిపోయే ముందు మాత్రం తన చెల్క భూమిలో రెండెకరాలు కూతురి పేరు మీద పట్టా చేయించాడు. కొడుకు దశరథ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, "నేను పోయినంక నా బిడ్డ ఎవ్వని చెయ్యి కింద ఉండొద్దురా" అన్నాడు. దశరథ్ తలూపాడు. ఆ తలూపడంలో అబద్ధం లేదు.

తండ్రికిచ్చిన మాట ప్రకారమే అక్కను చూసుకున్నాడు కూడా. తిండికి లోటు చేయలేదు. పండుగకు చీర తప్పలేదు. కాకపోతే ఇంట్లో ఉన్నవి రెండే అర్రలు. ఒకదాంట్లో దశరథ్, అతని భార్య పుష్ప. రెండోదాంట్లో ధాన్యం, పత్తి, పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ పుస్తకాలు, బట్టలు. నర్సింగమ్మ మంచం ముందరి రేకుల పంచలో ఉండేది. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఆ మంచం మీదే కూర్చునేవాళ్ళు. వాన జల్లు కొడితే మంచం గోడ వైపు జరిగేది. మేక ఈనితే పిల్లను తెచ్చి ఆ మంచం కిందే కట్టేసేవాళ్ళు. నలభై ఏళ్ళు ఆమె అక్కడే పడుకుంది, అక్కడే లేచింది. చీర మార్చుకోవాలంటే పుష్ప అర్ర ఖాళీ అయ్యేదాకా కాచుకునేది.

ఆ మంచం మీదే మేనకోడలు ప్రణీతను పెంచింది. పుష్ప కూలికి పోతే పిల్ల అత్త ఒళ్ళోనే ఉండేది. అత్తలా నడవాలని వంకరకాళ్ళతో నడిచి తల్లి చేతిలో దెబ్బలు తిన్నది కూడా.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు ఇంటింటికీ కృష్ణ నీళ్ళ నల్లా వచ్చింది. మొదటిరోజు నల్లా తిప్పినప్పుడు అందరూ బిందెలు పట్టుకుని సంబరపడ్డారు. నర్సింగమ్మ ధార కింద చెయ్యి పెట్టి కూర్చుంది. "జర ముందుగాల వస్తే నీదేం పోయింది?" అంది, మనిషిని అడిగినట్టు. ఎవరూ నవ్వలేదు.

ప్రణీతకు ఇక్కడ డాక్టరు సీటు రాలేదు. ఫీజు తక్కువని ఎవరో చెబితే జార్జియా అనే దేశం వెళ్ళింది. నర్సింగమ్మ తన మేకలన్నీ అమ్మి ఆ పిల్ల మొదటి ఏడాదికి ఇచ్చింది. చదువు మధ్యలో ప్రణీత ఖర్చులకని ఒక ఇళ్ళ కంపెనీలో పనికి కుదిరింది. మంచుకొండల మీద కొత్తగా కడుతున్న గదులను మన దేశం నుంచి వచ్చేవాళ్ళకు చూపించి, వాళ్ళ భాషలో వివరించే పని. ఫోన్లో అత్తకు ఆ కొండలు చూపించేది. తెల్లటి ఆ వాలు మీద మనుషులు చీమల్లా జారుతుంటే నర్సింగమ్మ ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసేది.

కరోనా తగ్గిన ఏడాది మర్రిగూడ రోడ్డు మీద కార్లు పెరిగాయి. పత్తి సరిగ్గా పండని చెల్కలను హైదరాబాదు వాళ్ళు వచ్చి చూస్తున్నారు. రింగు రోడ్డని, కంపెనీలని రోజుకో మాట. ఎకరం అర్ధకోటి పలికింది. ఒకరోజు అన్నం తింటూ దశరథ్ అన్నాడు.

"అక్కా, నీ రెండెకరాలు రోడ్డు మొఖాన ఉన్నయి. మంచి ధర వస్తాంది. ఒక ఎకరం అమ్ముదాం. నవీన్‌గాడు షహర్‌ల ప్లాటు కొనుక్కుంటడు."

నవీన్‌కుమార్ దశరథ్ కొడుకు. ట్రాక్టరు నడుపుతాడు, మంచివాడే. నర్సింగమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"మరి నాకు?"

దశరథ్‌కు ఆ మాట అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "నీకేంది అక్కా? నీకు మేమున్నం గద" అన్నాడు.

ఆ మాటలో ప్రేమే ఉంది. ఆమె ముద్దను కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కుంది. ఆదివారం ప్రణీత ఫోన్ చేసినప్పుడు ఫోను పట్టుకుని కొట్టం వెనక్కి వెళ్ళింది.

"నువ్వు చూపిస్తవే, ఆ మంచు మీది అర్రలు. వాటిని ఎవరు కొంటరే?"

"ఎవరైనా కొనొచ్చు అత్తా. చలికాలం దునియా అంతటి నుంచి జనం వస్తరు, కాళ్ళకు పొడుగు చెక్కలు కట్టుకొని మంచు మీద జారనీకి. వారం ఉండి పోతరు. కంపెనోళ్ళే కిరాయి వసూల్ చేసి మన బ్యాంకుల ఏస్తరు."

"ఎవరి పేరు మీద ఉంటది?"

"కొన్నోళ్ళ పేరు మీదనే."

"అన్నదమ్ములకు, అన్నదమ్ముల కొడుకులకు హక్కుంటదా?"

"ఎవ్వరికి ఉండది" అంది ప్రణీత.

"గంత దూరం ఎవ్వడు పోయి కబ్జా పెట్టడు గద?"

"అత్తా, నువ్వు మజాక్ చేస్తున్నవా?"

"నా అరవై ఏండ్ల బతుకుల మజాక్ ఎప్పుడు చేసిన బిడ్డా?"

ప్రణీత వద్దని చెప్పింది. హైదరాబాదులో చిన్న ప్లాటు కొనుక్కొమ్మంది, బ్యాంకులో వేసుకొమ్మంది. నర్సింగమ్మ అన్నీ విన్నది. హైదరాబాదులో ప్లాటు కొంటే ఆరునెలల్లో అది నవీన్‌కుమార్ ఇల్లవుతుంది. బ్యాంకులో వేస్తే ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మొదట గుర్తొచ్చేది ఆ పైసలే. వాళ్ళు దొంగలు కారు, అడుగుతారు అంతే. అడిగితే తను ఇస్తుంది. అది ఆమెకు తెలుసు. తన మీద తనకే నమ్మకం లేకనే ఆమెకు అంత దూరం కావాల్సి వచ్చింది.

ఎకరం అమ్మింది. గది కొనడానికి ఆ డబ్బు జార్జియాకు పంపాలని హైదరాబాదులో బ్యాంకుకు వెళ్ళిన రోజు సెలవుల్లో వచ్చిన ప్రణీత పక్కనే ఉంది. అద్దాల గదిలో మేనేజరు ఆమె నడక చూశాడు, మెడలోని నల్లపూసలు లేని దారం చూశాడు, పక్కనున్న చదువుకున్న పిల్లను చూశాడు. ప్రణీతను బయట కూర్చోమన్నాడు.

"అమ్మా, ఇది మీ ఇష్టంతోనే చేస్తున్నారా? ఎవరైనా బలవంతం పెడుతున్నారా?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "ఇష్టంతోనే సారూ. జాగ నాది, పైసలు నావి" అంది. తర్వాత ఆ మాటను బస్సులో వస్తూ మనసులో ఒకటి రెండుసార్లు అనుకుంది.

ఊరు కోడై కూసింది. నడవలేని ఆమెకు మంచు మీద ఇల్లెందుకని, చదువుకున్న పిల్ల ముసల్దాన్ని ముంచిందని. కంపెనీ తనకు కమీషను ఇచ్చిందని ప్రణీత దాచకుండా అత్తకు చెప్పింది. "ఆ పైసలతోని నీకు విమానం టికెట్ కొంట. నీ ఇల్లు నువ్వు చూడాలె" అంది. ఆ సంగతి ఊరికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఊరు నమ్మేది కాదు.

దశరథ్ మాత్రం అరవలేదు. గడప మీద కూర్చుని, "నా కొడుకు నోట్ల మట్టి కొట్టినవ్ అక్కా" అన్నాడు ఒక్కసారి. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఎదురెదురుగా కూర్చున్నా భార్య వైపు తిరిగి, "మీ వదినెకు చెప్పు, మందులు తెచ్చిన్నని" అనేవాడు. మందులు తేవడం మాత్రం మానలేదు. పుష్ప ఇద్దరి మధ్యా కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

అట్లా రెండేళ్ళు గడిచాయి. ఆ మధ్యలో గది పూర్తయింది. చలికాలం సంక్రాంతి దాటాక ప్రణీత వచ్చి అత్తను తీసుకుని వెళ్ళింది. శంషాబాదులో చక్రాల కుర్చీ ఇచ్చారు. దుబాయిలోనూ ఇచ్చారు. జీవితంలో మొదటిసారి తన నడకను ఎవరూ చూడకుండా అంత దూరం పోయింది నర్సింగమ్మ. జార్జియా రాజధాని నుంచి కొండ మీదికి కారులో మూడు గంటలు. రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలు కట్టినట్టు నిలబడి ఉంది. ఆమె రెండు స్వెటర్లు, ప్రణీత కోటు, దాని మీద ఊరి గొంగడి కప్పుకుని కూర్చుంది.

భవనంలో లిఫ్టు ఉంది. నాలుగో అంతస్తులో నడవా చివర తలుపు. ప్రణీత తాళం తీసి చేతిలో పెట్టింది. లోపల ఒకటే గది. మూలన వంట గట్టు, ఒక పక్క మంచం, చిన్న స్నానాల గది, పెద్ద అద్దాల కిటికీ. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కుడికాలు ముందు పెట్టడానికి గోడ పట్టుకుంది. కుడికాలే ఎక్కువ వంకర. పట్టుదలగా దాన్నే ముందు పెట్టింది.

నల్లా తిప్పి నీళ్ళు తాగింది. పళ్ళు జివ్వుమన్నాయి. "ఇవి యాడి నీళ్ళు?" అని అడిగింది.

"ఆ కొండ మీది మంచు కరిగినయి."

ఆమె ఇంకో గ్లాసు పట్టుకుంది, తాగలేదు. కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. ఆ నీళ్ళు పుట్టిన చోట పుట్టిన ఆడపిల్లలు రోడ్డు మీద నిటారుగా నడిచిపోతున్నారు. వాళ్ళ మీద ఆమెకు కోపం రాలేదు. తన ఈడు ఆడది ఒకామె మంచులో గబగబా సంచి మోసుకుపోతుంటే మాత్రం చూపు పక్కకు తిప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం ప్రణీతతో అంది, "బిడ్డా, నువ్వు జర కిందికి పోయి రా. నాకు ఒక్కదాన్నే ఉండబుద్ధయితాంది."

ప్రణీత భయపడింది. తలుపుకు లోపలి నుంచి గడియ ఎట్లా పెట్టాలో, ఎట్లా తీయాలో రెండుసార్లు చూపించి వెళ్ళింది.

నర్సింగమ్మ గడియ పెట్టింది. తీసి, మళ్ళీ పెట్టింది. తర్వాత గది నడుమ నిలబడి చెవులు పెట్టి విన్నది. అక్కా అని గానీ, వదినె అని గానీ ఎవరూ పిలవలేదు. ఎవరూ వచ్చి మంచం మీద కూర్చోలేదు. ఆమె మెల్లగా కిటికీ పక్కన నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది. గొంగడి తీసింది, కోటు తీసింది. చీర మోకాళ్ళ పైకి జరుపుకుంది.

పట్టపగటి వెలుతురులో తన కాళ్ళను తను చూసుకోవడం ఆమెకు అదే మొదలు. స్నానం ఎప్పుడూ తడికల చాటున, చీకటితోనే, గబగబా అయిపోయేది. కిటికీలోంచి మంచు మీద పడ్డ ఎండ గదిలోకి కొడుతోంది. ఆ వెలుతురులో మోకాళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, పిక్కలు చెరో పక్కకు పోయి, వానకు ఒరిగిన రాటల్లా ఉన్నాయి. చేత్తో తడిమింది. పెళ్ళిచూపుల నాడు నడవమన్నవాళ్ళు చూసింది వీటినే. ఈ కాళ్ళతోనే మేకల వెంట పోయింది, పత్తి ఏరింది, ప్రణీతను చంకనేసుకుని బడిదాకా వెళ్ళింది. ఇన్నేళ్ళు వాటిని దాచింది తప్ప ఒక్కసారి ప్రేమగా పట్టుకోలేదు. ఊరి నుంచి తెచ్చిన నూనె సీసా సంచిలో ఉందని గుర్తొచ్చి తెచ్చుకుంది. రెండు కాళ్ళకూ తీరిగ్గా నూనె రాసుకుంది.

ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. బయట వాలు మీద రంగురంగుల బట్టల మనుషులు పడుతూ లేస్తూ ఉన్నారు. పడినవాళ్ళు సిగ్గుపడటం లేదు. మంచు దులుపుకుని నవ్వుతున్నారు.

తలుపు చప్పుడైంది. ప్రణీతేనని తెలుసు. అయినా, "ఎవరు?" అని అడిగింది. చీర సర్దుకుని, తీరిగ్గా లేచి, అప్పుడు గడియ తీసింది.

ఊరికి తిరిగి వచ్చాక అందరూ మంచు గురించే అడిగారు. పుష్ప ఏమీ అడగలేదు. కొన్నాళ్ళ తర్వాత, ఇద్దరే కందులు చెరుగుతున్నప్పుడు మెల్లగా అంది.

"వదినె, ఆడ నువ్వు లోపల గడియ పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"ఎట్లుండె?"

నర్సింగమ్మ చేట ఆపింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళ పైనైన ఈ మనిషి కూడా ఎన్నడూ ఒక్కతే ఒక గదిలో తలుపు వేసుకుని ఉండలేదని ఆమెకు అప్పుడు తట్టింది. "ఒకసారి నువ్వు గూడ పోయి ఉండు" అంది. పుష్ప చేటలోకి చూస్తూ చిన్నగా నవ్వింది.

ఆ చలికాలం కిరాయి బాగానే వచ్చింది. ఎండాకాలంలో నర్సింగమ్మ ఆ పైసలతో, మిగిలిన ఎకరంలో ఒక చివర చిన్న అర్ర వేసుకుంటానంది. పంచలో ఇక నిద్ర పట్టడం లేదని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మళ్ళీ నిప్పు రాజుకుంది. "అక్కను ఎళ్ళగొట్టినమని పది మంది అనుకోవాల్నా?" అని దశరథ్ గోడలతో అన్నాడు. అయినా మేస్త్రీ వచ్చాడు. ఇటుకలు ఎవరి ట్రాక్టరులో తేవాలని ఆమె ఆలోచిస్తుంటే, నవీన్‌కుమార్ తనంతట తనే తెచ్చి దించాడు. "అత్తా, యాడ పెట్టాలె?" అన్నాడంతే. ప్లాటు సంగతి ఎత్తలేదు.

ముగ్గు పోసి పునాది తీస్తున్న రోజు దశరథ్ దూరంగా వచ్చి నిలబడ్డాడు. తుండుగుడ్డ భుజం మీంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు. మేస్త్రీ దక్షిణం వైపు గుమ్మానికి జాగా వదులుతున్నాడు.

"అక్కా" అన్నాడు దశరథ్. రెండున్నరేళ్ళ తర్వాత వచ్చిన మాట అది. "తలుపు తూర్పుకు పెట్టియ్యి. పొద్దుగాల ఎండ నీ కాళ్ళ మీద పడతది."

నర్సింగమ్మ మేస్త్రీ వైపు తిరిగి, "మా తమ్ముడు చెప్పినట్టు చెయ్యి" అంది. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు అందలేదు, మోచేత్తో తుడుచుకుంది.

ఆ మరుసటి చలికాలం మంచుకొండ మీద మంచు పడలేదు. డిసెంబరు పోయింది, జనవరి సగమైంది. జారడానికి రావలసినవాళ్ళు రాలేదు. కంపెనీ నుంచి కిరాయికి బదులు, ఈ ఏడు నిర్వహణ ఖర్చులు మీరే కట్టాలని కబురు వచ్చింది. చదువు ముగించి వచ్చి పాలమూరు దవాఖానలో పని నేర్చుకుంటున్న ప్రణీత ఆ మాట చెప్పలేక చెప్పింది.

నర్సింగమ్మ వాన మీద ఆధారపడ్డ చెల్కలో పుట్టి, వాన కోసం మొగులు చూసి చూసి ముసలిదైన మనిషి. అంత డబ్బు పోసి కొన్న రోజున, మంచు పడకపోతే ఎట్లా అని ఒక్క మాట అడగాలని తనకు తట్టలేదు. ఆ కొండలు ఫోన్లో ఎప్పుడు చూసినా తెల్లగానే ఉండేవి. ఆ తెలుపు మీద ఆమె ఎన్నడూ అనుమానపడలేదు. అది ఆమెను లోపల్లోపల చాలా రోజులు కోసింది. ఆ ఏడు పత్తి డబ్బులు కొండ మీది గదికే పోయాయి.

తర్వాతి వానాకాలంలో ఆమె కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. వెన్నులో ఎముక పెరిగి నరాన్ని నొక్కుతోందని, ఈ వయసులో కత్తి పెట్టడం మంచిది కాదని పెద్ద డాక్టర్లు అన్నారు. ప్రణీత ఆ మాట అత్తకు చెప్పేటప్పుడు డాక్టరులా చెప్పబోయి, చెప్పలేక ఏడ్చింది. "ఏడువకే. అవి నన్ను మోసినంత మోసినయి" అని నర్సింగమ్మే ఊరుకోబెట్టింది.

ఇప్పుడు ఆమె తన అర్రలోనే ఉంటుంది. గడియ పెట్టుకోవడానికి లేవలేదు కాబట్టి, లోపలికి వచ్చే ముందు తలుపు మీద తట్టాలని ఇంట్లో అందరికీ అలవాటైంది. దశరథ్ రోజూ పొద్దున చాయ గ్లాసుతో వచ్చి తలుపు తడతాడు. రమ్మన్నాక లోపలికి వచ్చి ఆమెను ఎత్తి గుమ్మంలో ఎండకు కూర్చోబెడతాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీస్తాడు. ఆ కొండకు ఒక కెమెరా ఉందని, ఇక్కడి నుంచే ఎప్పుడంటే అప్పుడు చూడవచ్చని నవీన్‌కుమార్ నేర్పించాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఆ వాలును చూస్తారు. ఈ డిసెంబరులో కూడా అది గోధుమరంగులోనే ఉంది. అక్కడక్కడ సున్నం చల్లినట్టు మచ్చలు.

ఒకరోజు అట్లా చూస్తూ దశరథ్ అన్నాడు, "కొనేటోళ్ళు ఉన్నరంట అక్కా. ప్రణీత చెప్పింది. మనం పెట్టినంత రాదు. అమ్మమంటవా?"

"నువ్వేమంటవ్?"

దశరథ్ ఫోను తెర మీద వేలితో మసక తుడిచాడు. ఒకప్పుడు ఆ గది పేరు వింటేనే ముఖం తిప్పుకున్న మనిషి. "ఆ మూలకు జర మొగులు పట్టినట్టే కొడతాంది" అన్నాడు, చెల్క గట్టు మీద నిలబడి చెప్పినట్టే.

నర్సింగమ్మ చాయ ఊదుకుని ఒక గుక్క తాగింది.

"ఉండనియ్యి తమ్మీ. ఈయేడు గూడ చూద్దాం."